అబ్బా బుఖ్చా

మొన్న ఆదివారం రాత్రి ఇషా నమాజు అయ్యాక మా పెద్దోడు బ్లేజర్ చేతిలో పట్టుకొని నా గదిలోకి వచ్చాడు.

"అబ్బూ, దీన్ని సైకిల్ మీద ఎలా తీసుకెళ్లాలి? ముడతలు పడకుండా?"

సోమవారం వాడికి ఇంటర్న్‌షిప్ మొదటి రోజు. ఆఫీసు గచ్చిబౌలిలో. మేముండేది టోలీచౌకీలో. పొద్దున తొమ్మిదింటికి ఆ రోడ్డు మీద కారు కన్నా సైకిల్ ముందుంటుందని హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. వాడికి సైకిల్ పిచ్చి కూడా. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచినప్పటి నుంచి ఆదివారం ఫజర్ కాగానే హెల్మెట్ పెట్టుకొని బయటపడతాడు. టీషర్టులో పోవడం ఒకటి, బ్లేజర్‌తో పోవడం ఒకటి. మొదటి రోజు ఫార్మల్స్‌లో రావాలని ఆఫీసు వాళ్లు మెయిల్ పెట్టారట.

"క్యాబ్‌లో పో బేటా, ఒక్క రోజే కదా" అంది వాళ్లమ్మ వంటింట్లోంచి.

నేనేం మాట్లాడలేదు. లేచి అల్మారా పై అరలోంచి ఒక పాత మల్‌మల్ గుడ్డ తీశాను. చదరంగా, రెండున్నర గజాల వెడల్పు. ఒకప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు పాత కాగితం రంగు. నాలుగు మూలలకి నాలుగు నాడాలు. మా ఇళ్లల్లో దాన్ని బుఖ్చా అంటాం. మీలో చాలామంది ఇళ్లల్లో దాదీల సందూకుల్లో ఇప్పటికీ ఉండే ఉంటుంది.

ఇది మా అబ్బాది. దీని గురించి ఇరవై ఏళ్లకు పైగా నేనెవరికీ చెప్పని మాట ఒకటుంది. ఆ రాత్రి కొడుక్కి చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నా.

మా ఊరు నల్లగొండకి పన్నెండు కిలోమీటర్లు. అబ్బా దర్జీ. చిన్నప్పుడు హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఒక ఉస్తాద్ దగ్గర షేర్వాణీ పని నేర్చుకున్నాడు. తర్వాత ఊరికి వచ్చి మిషన్ పెట్టుకున్నాడు. ఊళ్లో చొక్కాలు, లాగులు, జాకెట్లు. షేర్వాణీ పని మాత్రం నల్లగొండ నుంచి వచ్చేది. అక్కడో బట్టల దుకాణం వాళ్లు గుడ్డ, అస్తర్, నాప్ రాసిన చీటీ ఇచ్చి పంపేవాళ్లు. అబ్బా కుట్టి, కాజాలు తీసి, బొగ్గుల ఇస్త్రీ చేసి, సైకిల్ మీద తీసుకెళ్లి అప్పగించేవాడు.

ఒక్కసారి ఊహించండి. ఎవరిదో నిఖా. దుల్హా షేర్వాణీ. మా ఊరి నుంచి మెయిన్ రోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు మట్టి బాట, ఎర్ర దుమ్ము. వానొస్తే అదే బురద. ఆ షేర్వాణీ దుకాణం బల్ల మీద విప్పినప్పుడు అప్పుడే ఇస్త్రీ పెట్టె కింద నుంచి తీసినట్టు ఉండాలి. ముడత ఉంటే దుకాణదారు మజూరీలో కోసుకుంటాడు. దానికంటే, "క్యా మియాఁ, ఘోడే పే లాయే క్యా?" అని నలుగురి ముందు నవ్వుతాడు. ఆ నవ్వుకే అబ్బాకి భయం. పైసలు పోతే మళ్లీ వస్తాయి, ఇజ్జత్ పోతే రాదనేవాడు.

అందుకే మా ఇంట్లో కుట్టడం ఎంత పనో, మడత పెట్టడం అంత పని.

ఇస్త్రీ అయిన వెంటనే మడవనిచ్చేవాడు కాదు. గుడ్డలో వేడీ తేమా ఉన్నంతసేపు ఎట్లా వంచితే అట్లా గీత పడిపోతుంది. దండెం మీద వేసి చల్లారనివ్వాలి. చల్లారాక షేర్వాణీ ఒక భుజాన్ని లోపలి నుంచి తిరగేసి, రెండో భుజాన్ని అందులోకి దూర్చేవాడు. ఒక దోసిట్లో ఇంకో దోసిలి పెట్టినట్టు. అప్పుడు అస్తర్ బయటికి, అసలు గుడ్డ లోపలికి వస్తుంది. దుమ్ము పడ్డా అస్తర్ మీదే. నిలువునా సగానికి మడిచాక, అడ్డంగా మడత వచ్చే చోట తువ్వాలు చుట్టగా చుట్టి పెట్టేవాడు. మడత పదునుగా కాకుండా గుండ్రంగా వస్తుంది. షేర్వాణీ పొడుగు కాబట్టి రెండు చోట్ల రెండు తువ్వాళ్లు.

చొక్కా అయితే బొత్తాలన్నీ పెట్టి, బోర్లా వేసి, వీపు మీద అట్ట పెట్టి, చేతులు వెనక్కి మడిచేవాడు. కాలర్ కూలిపోకుండా లోపల ఒక దస్తీ చుట్టి పెట్టేవాడు. పైజమా గానీ ప్యాంటు గానీ గీత మీద గీత కలిపి సగం బుఖ్చా మీద, సగం బయటికి పరిచేవాడు. చొక్కా దాని మధ్యలో పెట్టి, బయట ఉన్న సగాన్ని చొక్కా మీదికి కప్పేవాడు. దానికిది ఆసరా, దీనికది ఆసరా. అప్పుడు బుఖ్చా నాలుగు మూలలూ లాగి నాడాలు కట్టేవాడు. గట్టిగా. ఊపిరాడదేమో అన్నంత గట్టిగా.

"ఇంత గట్టిగా కడితే నలగదా అబ్బా?" అని అడిగాను ఒకసారి.

"కపడా తహ్ సే నై, హిల్‌నే సే ఖరాబ్ హోతా బేటా" అన్నాడు. గుడ్డ మడత వల్ల చెడదు, లోపల కదలడం వల్ల చెడుతుంది. వదులుగా ఉన్న సంచిలో బట్టలు గతుకు గతుకుకీ జారి ఒక మూలకి పోగవుతాయి. ముడతలు అక్కడ పుడతాయి.

క్యారియర్ స్ప్రింగు కింద బుఖ్చా ఎన్నడూ పెట్టలేదు. ఆ స్ప్రింగు గుడ్డని కొరుకుతుందనేవాడు. కింద ఒక పలక, పైన ఒక పలక, మధ్యలో బుఖ్చా. పాత సైకిల్ ట్యూబుని నిలువునా కోసిన పట్టీతో బిగింపు. వానాకాలం ఆ పైన యూరియా బస్తాలోని ప్లాస్టిక్ సంచి, కడిగి ఆరబెట్టింది. ప్లాస్టిక్ ఎప్పుడూ బయటే, గుడ్డని తాకనిచ్చేవాడు కాదు. లోపల ఉక్కపోస్తే ఇస్త్రీ అంతా దిగిపోతుందని.

తను మాత్రం బనీను, లుంగీలో తొక్కేవాడు. నల్లగొండలో మసీదు దగ్గర ఆగి, వజూ చేసుకొని, చెమట ఆరేదాకా చెట్టు కింద కూర్చొని, తర్వాత తన కుర్తా వేసుకొని దుకాణానికి పోయేవాడు. చెమట ఆరకముందు తెల్ల బట్ట వేస్తే ఇస్త్రీ పది నిమిషాలు కూడా నిలవదు. పైజమా కుడి కాలుకి రబ్బరు చుట్టుకునేవాడు, చైన్‌లో పడకుండా. అయినా నూనె మరక పడితే నీళ్లు తగలనిచ్చేవాడు కాదు. జేబులోని దర్జీ చాక్‌ముక్క పొడి చేసి మరక మీద అద్దేవాడు. నూనె దానికి పట్టాక దులిపి, తర్వాతే సబ్బు. అత్తరు కూడా బట్టకి రాసేవాడు కాదు, తెల్ల గుడ్డ మీద పసుపు మచ్చ పడుతుందని. దూది ఫాయా చేసి చెవిలో పెట్టుకునేవాడు.

ఈద్ నాడు కూడా ఇదే ఇంతెజామ్. నన్ను ముందు రాడ్ మీద కూర్చోబెట్టుకొని, మా ఇద్దరి జోడాలు బుఖ్చాలో కట్టి, నల్లగొండ ఈద్గాకి తొక్కేవాడు. ఒక దారిన పోయి ఇంకో దారిన రావడం సున్నత్ కదా. వచ్చేటప్పుడు చెరువు కట్ట మీదుగా వచ్చేవాళ్లం, రెండు కిలోమీటర్లు ఎక్కువైనా.

ఇక అసలు విషయం.

పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం. తర్వాత ఎన్జీ కాలేజీలో తెలుగు సాహిత్యం తీసుకొని బీఏ చేశాను. నాకు తెలుగు మొదట వచ్చింది బడిలో కాదు, పొట్లాల కాగితాల్లో. మా అమ్మీ ఉర్దూ అఖ్బార్ దేనికీ చుట్టనిచ్చేది కాదు. "నక్కో రే, అల్లా కా నామ్ రహ్తా ఉస్‌మే" అనేది. ఉర్దూ అఖ్బార్ చదివాక తాకు మీద పెట్టాల్సిందే. కాబట్టి ఉప్పు, పప్పు, బొత్తాలు, చివరికి చెప్పులు కూడా మా ఇంట్లో తెలుగు పేపర్లోనే. ఆ పొట్లాలు విప్పి సగం సగం వార్తలు చదివేవాణ్ని. చిరిగిపోయిన మిగతా సగం ఏమై ఉంటుందా అని ఆలోచించేవాణ్ని. నేను జర్నలిస్టు కావడానికి కారణం అదేనేమో అనిపిస్తుంది.

2001 జూన్‌లో ఒక తెలుగు పత్రిక వాళ్లు నల్లగొండలో ఇంటర్వ్యూకి పిలిచారు. అబ్బా తెల్ల పాప్లిన్ తెచ్చి చొక్కా కుట్టాడు. దానికి వారం పట్టింది, షేర్వాణీకి తీసుకున్నంత శ్రద్ధ. ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే పక్క ఊళ్లో కొలతలకి పోవాల్సి వచ్చి, రాత్రే చొక్కా ఇస్త్రీ చేసి దండెం మీద వేశాడు. కింద బల్ల మీద బుఖ్చా, రెండు పలకలు, ట్యూబు పట్టీ వరసగా పెట్టాడు. "సుబహ్ బాంధ్‌లే" అని పడుకున్నాడు.

పొద్దున నేను బుఖ్చా కట్టలేదు.

ఎందుకంటే సిగ్గేసింది. ఇంతకు మించి కారణం లేదు. పత్రికాఫీసు ముందు సైకిల్ ఆపి, గుడ్డ మూట విప్పుతుంటే ఎవరైనా చూస్తే? పాత బట్టలమ్మేవాడో, దర్జీ కొడుకో అనుకోరా? కాలేజీలో నా క్లాస్‌మేట్లు భుజానికి సంచి వేసుకొని, అందులో కాగితంలో చుట్టిన బట్టలు పెట్టుకొని వచ్చేవాళ్లు. నేను వాళ్లలాగా కనబడాలనుకున్నా. తెలుగు పత్రికలో ఉద్యోగానికి పోతున్నవాడు బుఖ్చా మోసుకొని పోతాడా అనుకున్నా. ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

చొక్కాని తెలుగు పేపర్లో చుట్టాను. భుజం సంచిలో పెట్టి, సంచి వీపుకి తగిలించుకున్నా. ఎక్కాను సైకిల్.

జూన్ నెల, వాన ఇంకా పడలేదు. పన్నెండు కిలోమీటర్లు తొక్కేసరికి వీపంతా చెమట. మసీదులో ఆగి వజూ చేసుకున్నా. మౌజన్ సాబ్ ఇజాజత్‌తో ఆయన హుజ్రాలో బట్టలు మార్చుకోవడానికి పొట్లం విప్పాను. కాగితం తడిసి మెత్తబడి ఉంది. చొక్కా ముందు వైపు బాగానే ఉంది. వెనక్కి తిప్పితే, రెండు భుజాల మధ్య నల్లగా మసి. అందులో ఏదో పెద్ద హెడ్డింగు తాలూకు అక్షరాలు తిరగబడి, అద్దంలో కనబడినట్టు అచ్చయి ఉన్నాయి.

తడి దస్తీతో రుద్దాను. ఇంకా పాకింది. కళ్లల్లో నీళ్లొచ్చాయి. మౌజన్ సాబ్ చొక్కా చేతిలోకి తీసుకొని, అటూ ఇటూ తిప్పి చూసి, "పీఛే హై నా బేటా? సామ్‌నే బైఠే సో లోగాఁకు కైసా దిఖ్‌తా? జా, బిస్మిల్లా బోల్‌కే జా" అన్నాడు.

వెళ్లాను. కుర్చీలో వీపు ఆనించి కూర్చున్నా. ఎదురుగా ఇద్దరు. ఒక పెద్దాయన నా అర్జీ చూస్తూ, "ఉర్దూ మీడియం చదివి తెలుగు ఎందుకు తీసుకున్నావ్? తెలుగు ఎట్లా నేర్చుకున్నావ్?" అని అడిగారు.

"పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నా సార్" అన్నాను. సంగతంతా చెప్పాను, అమ్మీ మాటతో సహా. ఆయన నవ్వారు. ఒక వార్త రాయమన్నారు, రాశాను. అయిపోయింది. సలాం చేసి తలుపు వైపు తిరిగాను. నా వీపు సంగతి పూర్తిగా మరిచిపోయి.

"ఆగు బాబూ" అన్నారు వెనక నుంచి. "పొట్లం కాగితం వీపు మీద కూడా ఉందే!" దగ్గరికి వచ్చి, తల వంచి ఆ తిరగబడ్డ అక్షరాల్ని కాసేపు చదివారు. "ఇది నిన్నటి హెడ్డింగే. కానీ మా పేపర్ కాదయ్యా, వాళ్లది!" అన్నారు.

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఉద్యోగం వచ్చింది. ఇన్నేళ్లుగా ఇది నేను దోస్తుల మధ్య నవ్వుతూ చెప్పే కిస్సా. ఎప్పుడూ ఇక్కడికే ఆపేసేవాణ్ని.

ఆ తర్వాతిది ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బల్ల మీద బుఖ్చా, పలకలు, పట్టీ రాత్రి పెట్టినట్టే ఉన్నాయి. అబ్బా మిషన్ దగ్గరున్నాడు. చొక్కా విప్పి మూలన పడేశాను. అబ్బా లేచి దాన్ని తీసుకొని వీపు చూశాడు. వేలితో మసిని తాకాడు. వేలు చూసుకున్నాడు.

"బుఖ్చా థా నా బేటా?" అన్నాడు. అంతే.

"భూల్ గయా అబ్బా" అన్నాను. మరిచిపోయానని. అబద్ధం. రాత్రి ఆయన నా కళ్ల ముందే పెట్టిన దాన్ని ఎట్లా మరిచిపోతాను? అది అబద్ధమని ఆయనకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. ఎందుకు కట్టలేదో కూడా అర్థమయ్యే ఉంటుంది. నల్లగొండ దుకాణాల్లో జీవితాంతం బుఖ్చా విప్పిన మనిషి కదా, విప్పేవాణ్ని జనం ఎట్లా చూస్తారో నాకంటే ఆయనకే బాగా తెలుసు.

ఏమీ అనలేదు. దూదితో కిరసనాయిలు అద్ది మసి తుడిచి చూశాడు. పూర్తిగా పోలేదు. రాత్రి నేను పడుకున్నాక మిషన్ చప్పుడు వినబడింది. పొద్దున లేచి చూస్తే చొక్కా దండెం మీద ఉంది. వీపు ముక్క మొత్తం విప్పేసి, మిగిలిన పాప్లిన్‌తో కొత్త వీపు కుట్టాడు. ఎక్కడ అతికాడో నాకు కనబడలేదు.

ఉద్యోగంలో చేరే రోజు నేనే బుఖ్చా కట్టాను. పలకలు పెట్టి, పట్టీ బిగించాను. అబ్బా గడప దగ్గర నిలబడి చూశాడు. వచ్చి నాడా ఒకటి విప్పి, ఇంకాస్త గట్టిగా కట్టి, "ఖుదా హాఫిజ్" అన్నాడు. మాఫీ అడగడానికి అదే సరైన సమయం. అడగలేదు. ఆఫీసుకి టైమవుతోందని నాకు నేను చెప్పుకున్నా. తర్వాత ఎనిమిదేళ్లు టైం ఉంది. అప్పుడూ అడగలేదు.

2009లో అబ్బా ఇంతెఖాల్ అయ్యాడు. గుస్ల్ ఇచ్చేముందు అమ్మీ సందూకు తెరిచి బుఖ్చా తీసి నా చేతిలో పెట్టింది. అందులో కఫన్. హజ్‌కి పోయొచ్చిన మా దూరపు చుట్టం ఒకాయన జమ్‌జమ్ నీళ్లతో తడిపి తెచ్చిన గుడ్డ. అంతకు రెండేళ్ల ముందు నల్లగొండలో ఇచ్చాడట. అబ్బా ఎవరికీ చెప్పకుండా దాన్ని బుఖ్చాలో కట్టి, కింద పలక, పైన పలక పెట్టి, పట్టీ బిగించి, పన్నెండు కిలోమీటర్లు సైకిల్ మీద తెచ్చుకున్నాడు. కఫన్‌కి ఇస్త్రీ ఉండదు. అందులో కుట్టూ ఉండదు, కాజా ఉండదు. అయినా అది దుల్హా షేర్వాణీలాగే మడత పెట్టి ఉంది. విప్పితే ఎక్కడా నలగలేదు.

బుఖ్చా అప్పటి నుంచి నా దగ్గరే ఉంది.

ఇదంతా విన్నాక మా పెద్దోడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే అబ్బూ, చూపించు" అన్నాడు.

బ్లేజర్‌ని భుజంలో భుజం దూర్చి మడిచాం. తువ్వాలు వాడి జిమ్‌ది. చొక్కా వీపుకి అట్ట ఆన్‌లైన్ పార్సిల్ డబ్బాది. కాలర్‌లో టై చుట్టి పెట్టాం, దస్తీకి బదులు. బూట్లు వేరే కవర్లో, అడుగున. వాడి సైకిల్‌కి క్యారియర్ పక్కన తగిలించే సంచి ఉంది. మడిచినవి అందులో నిలువుగా, సంచి గోడకి ఆనేలా పెట్టి, మిగిలిన ఖాళీలో టీషర్టు కుక్కాం, కదలకుండా. వీపుకి బ్యాగ్ వద్దని మాత్రం గట్టిగా చెప్పాను. అరగంట ముందే చేరమన్నాను. చల్లటి నీళ్లతో చేతులు, మొహం, మెడ కడుక్కొని, ఫ్యాన్ కింద పది నిమిషాలు కూర్చొని, అప్పుడు వేసుకోమన్నాను. ఏదైనా చిన్న గీత పడితే అరచెయ్యి తడి చేసి, దాని మీద నిమిరి, హ్యాంగర్‌కి వేసి కాసేపు వదిలేయాలి.

"బుఖ్చా లోపల కట్టనా, వద్దా?" అని అడిగాను. వాడు కాదన్నా ఏమీ అనకూడదని ముందే అనుకున్నాను. నేను ఏ మొహం పెట్టుకొని అనగలను?

వాడు గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూశాడు. "కట్టు. కానీ నువ్వు వదులుగా కడుతున్నావ్. దాదా గట్టిగా కట్టేవాడన్నావ్ కదా" అని నాడా తనే లాగి బిగించాడు.

సోమవారం సాయంత్రం మగ్రిబ్‌కి కాస్త ముందు తిరిగొచ్చాడు. ఆఫీసు ఎలా ఉందని వాళ్లమ్మ అడుగుతోంది. నేను సంచిలోంచి బుఖ్చా తీసి విప్పి, బ్లేజర్ని దులిపి, వెనక్కి తిప్పి వీపు చూశాను.

శుభ్రంగా ఉంది, అల్‌హమ్‌దులిల్లా.

అబ్బా, ఆ రోజు నేను మరిచిపోలేదు. మాఫ్ కర్‌నా.

మీ ఇంట్లో సందూకు అడుగున బుఖ్చా ఉంటే ఒకసారి తీసి ఎండలో వేయండి. అది ఎవరిదో, అందులో ఏమేం మోశారో పిల్లలకి చెప్పండి. నాలాగా ఇంత ఆలస్యం చేయకండి. మా అబ్బా మగ్‌ఫిరత్ కోసం దువా చేయండి.